జీలుగు చెట్ల దగ్గరికి మన టూరు



మూడు సీజన్లుగా మేం నడుపుతున్న జీలుగు టూర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. "ఎలా చేశారు, డబ్బులు ఎక్కడివి, పెద్దవాళ్లు ఒప్పుకున్నారా, ఏం లాభం వచ్చింది" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాం. పోస్టు పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. మీ ఊర్లో జీలుగు లేకపోయినా చదవండి. తేనె తీసేవాళ్లకీ, అడ్డాకులు కుట్టేవాళ్లకీ, తపసి జిగురు తీసేవాళ్లకీ ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు మేం ఎవరమో చెప్తాం. రంపచోడవరం ఏజెన్సీలో నాలుగు ఊర్ల పిల్లలం. కోయ, కొండరెడ్డి, కొండదొర ఇళ్లవాళ్లం. కొందరం డిగ్రీ, కొందరం ఐటీఐ, ఇద్దరు బీఈడీ, ఒకరు నర్సింగ్. అందరం హాస్టళ్లలో పెరిగినవాళ్లమే. సెలవులకి ఇంటికొస్తే పొద్దున్నే నాన్న చెట్టు దిగి లొట్టి కింద పెట్టడం చూస్తాం, ఒక డొప్పెడు తాగుతాం, మళ్లీ హాస్టల్‌కి పోతాం. ఆ చెట్టుతో మన సంబంధం అంతవరకే వచ్చేసింది. అక్కడి నుంచే ఈ ఆలోచన మొదలైంది.

ఒక సంక్రాంతి సెలవుల్లో నాలుగు ఊర్లలో లెక్క తీశాం. చెట్టెక్కి గీసేవాళ్లు మొత్తం 43 మంది. వాళ్లలో 30 ఏళ్ల లోపు వాళ్లు ఆరుగురు. ఒక ఊర్లో అయితే ఒక్కరూ లేరు. చెట్లు కూడా మా తాతలు చెప్పినన్ని లేవు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఇంకో ఇరవై ఏళ్లకి చెట్టూ ఉండదు, ఎక్కేవాడూ ఉండడు అనిపించింది.

జీలుగు గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. తాటి, ఈత, కొబ్బరి లాగే ఇదీ అదే కుటుంబం. ఆకు చివర చేప తోకలా కత్తిరించినట్టు ఉంటుంది. శాస్త్రం పేరు కారియోటా యురెన్స్. యురెన్స్ అంటే లాటిన్లో మంట పుట్టించేది అని అర్థం. దీని కాయ గుజ్జు చేతికి తగిలితే ఎంత దురద పెడుతుందో మనకి చెప్పక్కర్లేదు. ఈ చెట్టు గెల వేయడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. మొదటి గెల పైన మొవ్వు దగ్గర వస్తుంది. తర్వాతివి ఒక్కొక్కటిగా కిందికి దిగుతూ వస్తాయి. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అంటే తాటిచెట్టులా తరతరాలు ఇచ్చేది కాదు. కొన్నేళ్లు పారి, తన పని తాను ముగించుకుని పోతుంది. బాగా పారే చెట్టు రోజుకి పది లీటర్ల పైనే ఇస్తుంది. కరువు రోజుల్లో మన తాతలు దీని మాను చీల్చి లోపలి గుజ్జు దంచి పిండి తీసి అంబలి కాచుకున్నారు. 1945లో హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకంలో కూడా జీలుగు ప్రస్తావన ఉంది. మన కడుపు నింపిన చెట్టు అని పరాయి దేశం వాడు కూడా గుర్తుపట్టి రాశాడు.

అయితే టూరే ఎందుకు? మీటింగు పెట్టొచ్చు కదా, అని అడిగారు. దానికి జవాబు మన పెద్దవాళ్ల అనుభవంలోనే ఉంది.

మన ఊర్ల నుంచి "ఎక్స్‌పోజర్ విజిట్" అని ఎన్నిసార్లు తీసుకెళ్లలేదు! బస్సు వస్తుంది. ముందు బ్యానర్ కడతారు. ఎక్కడికో తీసుకెళ్లి షెడ్డులో కూర్చోబెడతారు. చెట్టెక్కని ఆయన చెట్టెక్కే వాళ్లకి గంటన్నర ఉపన్యాసం ఇస్తాడు. సంతకాలు, ఫొటో, బిర్యానీ పొట్లం, రాత్రికి ఇల్లు. అలా వెళ్లొచ్చిన మా మామ ఒకాయన్ని "ఏం చూశారు మామా?" అని అడిగితే, "ఆళ్లు మమ్మల్ని చూశారురా, మేం బిర్యానీ చూశాం" అన్నాడు. నవ్వాం గానీ మాట మాత్రం లోపల ఉండిపోయింది. ఆయన నలభై ఏళ్లు గీసినవాడు. ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు.

అదే రోజుల్లో మాలో ఒకరు కాలేజీలో ప్రాజెక్టు కోసం మేపుల్ సిరప్ గురించి చదువుతున్నారు. చదివినవి ఇంటికొచ్చి చెప్తుంటే మాకు మన జీలుగే గుర్తొచ్చింది. కెనడాలో, అమెరికా ఉత్తరాన ఉండే మేపుల్ చెట్టుకి చలికాలం చివర్లో చిన్న రంధ్రం పెట్టి గొట్టం బిగిస్తారు. రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి, పగలు కాస్త వెచ్చదనం, ఇలా ఉన్న కొన్ని వారాలే చెట్టు పారుతుంది. ఆ రసం నీళ్లలా ఉంటుంది, తీపి సుమారు 2 శాతమే. 40 లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్. ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో సుమారు 70 శాతం కెనడాలోని ఒక్క క్యూబెక్ నుంచే వస్తుంది.

మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పని తెల్లవాళ్లు కనిపెట్టింది కాదు. వాళ్లు రాకముందు నుంచే అక్కడి ఆదివాసులు మేపుల్ రసం కాచి చక్కెర చేసుకున్నారు. అనిషినాబే అనే ఆదివాసులు బిర్చ్ చెట్టు బెరడుతో గిన్నెలు, పెట్టెలు చేసి అందులో రసం పట్టేవాళ్లు, చక్కెర దాచుకునేవాళ్లు. మన సొరబుర్ర, మన డొప్ప లాగే. వాళ్ల నెలల పేర్లలో ఒకటి చక్కెర కాచే నెల. తర్వాత అడవి చేతులు మారింది. 1837లో ఓజిబ్వే వాళ్లు ఒప్పందం మీద భూమి వదులుకున్నప్పుడు వేట, చేపలు, అడవి నుంచి ఏరుకునే హక్కు మాత్రం తమకి ఉంటుందని రాయించుకున్నారు. ఆ హక్కు ఉందా లేదా అని గొడవ సాగి సాగి, 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఉంది అని చెప్పింది. నూటఅరవై రెండేళ్లు! మనకి 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. కాగితం మీద ఉన్న హక్కు చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో వాళ్ల కథ చూస్తే తెలుస్తుంది. హక్కు వాడుకుంటూ ఉంటేనే మిగులుతుందని కూడా తెలుస్తుంది.

ఇక టూర్ల విషయం. అక్కడ రెండు రకాల టూర్లు జరుగుతాయి. ఒకటి జనం కోసం. మెయిన్ అనే రాష్ట్రంలో 1983 నుంచి ఏటా మార్చిలో ఒక ఆదివారం సిరప్ కాచేవాళ్లు తమ షెడ్లు అందరికీ తెరిచి పెడతారు. పిల్లాపాపలతో వచ్చి చూసి, రుచి చూసి, కొనుక్కుని పోతారు. రెండోది తయారుచేసేవాళ్ల కోసం తయారుచేసేవాళ్లే పెట్టుకునేది. కెనడాలో ఒంటారియో రాష్ట్రం రైతుల సంఘం అలాంటిది ఎండాకాలంలో పెడుతుంది. అప్పుడు చెట్లు పారవు కాబట్టి అందరికీ తీరిక. ఒకరి తోటకి అందరూ వెళ్లి గొట్టాలు ఎలా లాగాడు, పొయ్యి ఎలా కట్టాడు, కట్టె ఎంత కాలుతుంది, ఏది పాడైంది అని చూస్తారు, అడుగుతారు. వాళ్లంతా ఒకే సరుకు అమ్మేవాళ్లు. అయినా ఒకడి కిటుకు ఇంకొకడికి చూపిస్తాడు.

ఈ రెండో రకం మాకు నచ్చింది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే మన దగ్గర నడవదు. అక్కడ పని అంతా సామానులో ఉంది, చెట్లు పారకపోయినా సామాను చూడొచ్చు. మన దగ్గర పని అంతా చేతిలో ఉంది. గెలని ఎలా తడతారు, ఎంత సన్నగా కోస్తారు, కోత మొహం ఎటు వాల్చుతారు అన్నది చెట్టు పారే రోజుల్లోనే కనిపిస్తుంది. సీజన్లో ఎవడికీ తీరిక ఉండదు. పొద్దున, సాయంత్రం చెట్టెక్కకపోతే పారకం తప్పుతుంది. ఈ చిక్కు మీదే నెల రోజులు వాదించుకున్నాం. చివరికి మా ఊరి తాత ఒకాయన తేల్చాడు: "పొద్దున్న కోత ఇంటికాడ కోసుకుని రండి. సాయంత్రం కోతకి ఇంటికి పొండి. మధ్యలో ఉన్నదే మీ టూరు." అంతే. అప్పటి నుంచి మా టూరు పొద్దున ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం మూడుకి అయిపోతుంది. అంత దూరంలో ఉన్న ఊరికే వెళ్తాం.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఇవి మీకు పనికొస్తాయి:

ఒకటి, 14 మందికి మించి వెళ్లం. ఒక బండికి సరిపోవాలి, ఒక చెట్టు చుట్టూ నిలబడితే అందరికీ కనిపించాలి.

రెండు, అందులో సగం ఆడవాళ్లు. చెట్టు ఎక్కేది మగవాళ్లే అయినా వడకట్టేది, కాచేది, రోడ్డు మీద కూర్చుని అమ్మేది అక్కలు, వదినలే. లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

మూడు, ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది చూపించే ఊరి ఇష్టం. అడగొచ్చు, బలవంతం చేయకూడదు.

నాలుగు, చెట్టెక్కినవాళ్ల ఫొటోలు, వీడియోలు వాళ్ల మాట లేకుండా తీయకూడదు. తీసినా బయట పెట్టకూడదు.

ఐదు, ఉపన్యాసాలు లేవు. మేం విద్యార్థులం కాబట్టి మైకు పట్టుకోవాలన్న కోరిక ఉంటుంది. మా పని రాసుకోవడం, బండి మాట్లాడటం, నీళ్లు మోయడం.

ఖర్చు పెద్దగా లేదు. బండి కిరాయి తలా కొంచెం వేసుకున్నాం. వెళ్లేవాళ్లు ఇంటికి ఒక కిలో బియ్యం, కాస్త పప్పు తీసుకెళ్తారు. ఆ ఊరివాళ్లు కూర వండుతారు. ఎవరి దగ్గరా చందా అడగలేదు. అడిగితే బ్యానర్ మీద వాళ్ల పేరు వేయాలి. మాకు బ్యానరే లేదు.

మొదటి టూరు గట్టు మీది ఊరికి. అక్కడ ఒక పెద్దాయన గీస్తే ఎండిపోతుందనుకున్న చెట్టు కూడా పారుతుందని చుట్టుపక్కల పేరు. గెలకి ఆయన ఏదో మందు పూస్తాడని అందరికీ తెలుసు, ఏ మందో మాత్రం ఎవరికీ తెలియదు. శ్రీలంకలో కూడా ఇదే చెట్టు ఉంది. అక్కడ కితుల్ అంటారు. దాని రసం కాచి చేసే పాకం అక్కడ పెద్ద వ్యాపారం. అక్కడి గీతగాళ్లు కూడా గెలకి పూసే మందుని ఇంటి రహస్యంగానే ఉంచుకుంటారట. మా బండిలో సగం మంది ఆ మందు కోసమే వచ్చారు.

ఆయన చెట్టెక్కాడు. కత్తి పట్టే తీరు చూపించాడు. ఎంత సన్నగా కోసినా సరిపోదని, వెలుగు అవతల కనిపించేంత పల్చటి పొర తీయాలని చూపించాడు. మందు సంగతి అడిగారు. ఆయన నవ్వి, "అది మా అయ్య నాకిచ్చింది. నా కొడుక్కిస్తాను" అన్నాడు. ఒకాయనకి కోపమొచ్చింది. "మరి మమ్మల్ని ఎందుకు రమ్మన్నావు బావా?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా గుండెలు దడదడలాడాయి, టూరు ఇక్కడితో అయిపోయింది అనుకున్నాం.

అప్పుడు ఆ పెద్దాయన మమ్మల్ని ఇంకో చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ చెట్టుకి నాలుగు గెలలు. పై మూడిటికి కోత గాట్లు ఉన్నాయి. నాలుగో గెల నిండా కాయలు. "దీన్ని ఎందుకు వదిలేశానో చెప్పండి" అని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. ఆయనే చెప్పాడు: "గెల గీస్తే కాయ రాదు. కాయ రాకపోతే మానుపిల్లి రాదు. మానుపిల్లి రాకపోతే విత్తనం కొండ మీదికి ఎవడు మోస్తాడు? మీ ఊర్లో చెట్టుకి ఎన్ని గెలలు వస్తే అన్నీ గీస్తున్నారు. మందు తెలిసి ఏం చేస్తారు, పూయడానికి చెట్టుండాలి కదా."

మిత్రులారా, మేం లెక్క తీసిన రోజు నుంచీ చెట్లు ఎందుకు తగ్గాయి అని వెతుకుతున్నాం. రోడ్లు వేశారని, పోడు కొట్టారని, ఎండలు పెరిగాయని రాసుకున్నాం. అవన్నీ ఉండొచ్చు. కానీ ఈ మాట ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. మానుపిల్లి జీలుగు కాయలు తిని విత్తనాలు దూరంగా వేస్తుందని మన పెద్దవాళ్లకి తెలుసు. అన్ని గెలలూ గీయడానికీ, మొక్క మొలవకపోవడానికీ ఉన్న ముడిని ఒక పెద్దాయన చెట్టు కింద నిలబడి చూపిస్తే తప్ప ఎవరూ పట్టించుకోలేదు. కోపగించుకున్న బావ తిరిగొచ్చేటప్పుడు బండిలో అందరికంటే ఎక్కువ మాట్లాడింది దీని గురించే. మందు సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అది అలాగే ఉండనివ్వండి.

రెండో టూరు వాగు అవతలి ఊరికి. అక్కడ అక్కలు కల్లు కాకుండా పాకం కాచి చూస్తున్నారు. కల్లు గురించి మనందరికీ తెలిసిన బాధే. పొద్దున తియ్యగా దించింది మధ్యాహ్నానికి పులుస్తుంది, రాత్రికి ఎవరూ ముట్టరు. సంత రోజు గిరాకీ, మిగతా రోజులు పారబోత. తీపి నిలవాలంటే లొట్టికి లోపల సున్నం పూయాలి, ఎండ రాకముందే దించాలి, దించిన వెంటనే వడకట్టి పొయ్యి మీద పెట్టాలి. ఆలస్యమైతే పాకం పుల్లగా వస్తుంది.

ఇక్కడ మేపుల్ వాళ్ల లెక్క ఒకటి మాకు పనికొచ్చింది. రసంలో తీపి ఎంత శాతమో తెలిస్తే, 86ని దానితో భాగిస్తే లీటరు సిరప్‌కి ఎన్ని లీటర్ల రసం కావాలో వస్తుంది. వాళ్లది 2 శాతం కాబట్టి 43 లీటర్లు. మన జీలుగు రసం 12 శాతం ఉందనుకోండి, 7 లీటర్లు చాలు. ఈ లెక్క మేం నేల మీద పుల్లతో గీసి చూపిస్తే ఒక అక్క, "ఏడు లొట్లకి ఒక లొట్టి అని మేం ఎప్పుడో చెప్పాం కదా" అంది. వాళ్లకి చేతి లెక్కలో అప్పటికే తెలుసు!

పాకం ఎప్పుడు దించాలన్నది ఇంకో ప్రశ్న. అక్కలు నీళ్లలో చుక్క వేసి చూస్తారు. మేపుల్ వాళ్లు వేడి కొలుస్తారు. మామూలు నీళ్లు మరిగే వేడి కంటే 4 డిగ్రీలు ఎక్కువ వచ్చిందంటే సిరప్ అయినట్టే. మేం ఒక థర్మామీటర్ కొని తీసుకెళ్లాం. కొండ మీద నీళ్లు 100 డిగ్రీల కంటే తక్కువలోనే మరుగుతాయి. అందుకని ముందు ఉత్త నీళ్లు మరిగించి ఆ అంకె రాసుకుని, దానికి 4 కలిపాం. అక్క చుక్క వేసి "అయింది" అనేసరికి మా అంకె కూడా దాదాపు అక్కడే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో మీరే చెప్పండి, అక్కకా, థర్మామీటర్‌కా?

నురగ పొంగుతుంటే అక్కలు కాస్త ఆముదం చుక్క వేస్తారు, వెంటనే అణిగిపోతుంది. మేపుల్ వాళ్లు అదే పనికి వెన్న వేసేవాళ్లు. చెట్టు వేరు, దేశం వేరు, పొంగు మాత్రం ఒకటే.

అసలు గొడవ కట్టె దగ్గర వచ్చింది. ఒక మోపు కట్టె అయిపోయినా గిన్నె సగానికి రాలేదు. మా పెదనాన్న వరసాయన లేచి, "ఏడు లీటర్ల కల్లు లీటరు 40 చొప్పున అమ్మితే 280. ఈ ఒక్క సీసా ఎంతకి అమ్ముతారు? కట్టె ఎవడు తెస్తాడు? నాలుగు గంటలు పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. విదేశాల్లో పెద్ద రైతులు పొయ్యి మీద పెట్టకముందే యంత్రంతో రసంలోంచి చాలా నీళ్లు తీసేస్తారు, కట్టె, నూనె ఖర్చు తగ్గుతుంది. అది మనకి అందేది కాదు. కానీ వాళ్ల నుంచి ఒక చిన్న సంగతి తీసుకోవచ్చు. వాళ్ల పళ్లాలు వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటాయి. ఆవిరి పైనుంచే పోతుంది కాబట్టి వెడల్పు ఎక్కువుంటే తొందరగా ఇగురుతుంది. తర్వాతి నెలలో అక్కలు లోతు గిన్నె మానేసి పెళ్లిళ్లకి వాడే వెడల్పు బాణలి అరువు తెచ్చుకున్నారు, పొయ్యికి మూడు వైపులా మట్టి గోడ కట్టారు. నాలుగు గంటల పని రెండున్నర గంటలకి వచ్చింది.

అయినా పెదనాన్న ప్రశ్న పోలేదు. అక్కలే దానికి ఒక దారి తీశారు. సంత రోజు కల్లు అమ్ముతారు. గిరాకీ లేని రోజుల్లో, ఎలాగూ పారబోసే రసాన్ని కాస్తారు. అప్పుడు 280 రూపాయల లెక్క వర్తించదు, పారబోసేదానికి విలువ సున్నా కదా. ఇప్పుడు వాళ్లు సీసాలు పెద్ద సంఖ్యలో ఏమీ అమ్మడం లేదు. మారేడుమిల్లి వైపు బొంగు చికెన్ తినడానికి వచ్చే టూరిస్టులు కొన్ని కొంటున్నారు. మిగతావి ఊర్లో పిల్లలు జావలో కలుపుకుని తాగుతున్నారు. ఆ పిల్లల నోట్లోకి పోయింది కూడా లాభమే అని వదిన ఒకావిడ లెక్కలో రాయించింది.

మూడో సీజన్లో పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లాం. అక్కడ తాటి మీద, నీరా మీద పని జరుగుతుంది. ఈసారి పాత విజిట్‌లా కాకుండా వారం ముందే ఊర్లలో తిరిగి ప్రశ్నలు రాయించుకున్నాం. మొత్తం 31 ప్రశ్నలు. అడిగింది గీసేవాళ్లు, మేం కాదు. వాళ్లు అడుగుతుంటే అక్కడివాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచి చెట్ల దగ్గరికి నడిచారు. కొన్నిటికి జవాబులు దొరికాయి, కొన్నిటికి లేవు. జవాబు లేనివి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నాం. మనలో అగ్రికల్చర్, బాటనీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఆ ఎర్ర గుర్తులు మీ కోసమే. పరాయి టాపిక్ మీద ప్రాజెక్టు చేసే బదులు మన చెట్టు మీద చేయండి.

ఇప్పటికి ఏం మారింది అంటే, మూడు ఊర్లలో చెట్టుకి ఒక గెల కాయకి వదలాలని పెద్దలు కూర్చుని మాట అనుకున్నారు. నాలుగో ఊరు ఒప్పుకోలేదు. వాళ్ల మాట కూడా రాయాలి కదా: "మా చెట్లు తక్కువ, ఒక్క గెల వదిలితే ఆ నెల ఉప్పు, పప్పు ఎక్కడి నుంచి తేవాలి?" దీనికి మా దగ్గర జవాబు లేదు. ఆ ఊరికి మిగతా మూడు ఊర్ల నుంచి విత్తనాలు ఇచ్చాం. మొలవడానికే నెలలు పడుతుంది. సంచుల్లో పెట్టిన వాటిలో 60 దాకా మొలిచాయి. వాటికి గెల వచ్చేసరికి ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్న పిల్లలు ఇంటర్ దాటుతారు. ఎక్కేది వాళ్లే.

ఇంకోటి. మాలో ఇద్దరు ఎక్కడం నేర్చుకుంటున్నారు. ఒకరు ఐటీఐ ఫిట్టర్. నడుముకి కట్టుకునే తాడు, కాలు పెట్టే వెదురు రెండూ జారకుండా ఉండేలా ఏదైనా చేయొచ్చా అని చూస్తున్నాడు. చెట్టు మీంచి పడి నడుం విరిగిన మామలు మన ప్రతి ఊర్లో ఉన్నారు. పిల్లలు ఎందుకు ఎక్కడం లేదంటే బద్ధకం అంటారు. అమ్మలు పంపకపోవడానికి అసలు కారణం ఆ మామలే. తాడు సంగతి తేలకుండా "యువత సంప్రదాయం నిలబెట్టాలి" అని పోస్టులు పెడితే ఏమీ రాదు.

మీ ఊర్లో మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి. ముందు లెక్క తీయండి: చెట్లు ఎన్ని, గీసేవాళ్లు ఎందరు, వాళ్ల వయసెంత, మొక్కలు ఎన్ని ఉన్నాయి. అటవీ హక్కుల పట్టా ఉన్న భూమిలో ఎన్ని చెట్లున్నాయో, బయట ఎన్ని ఉన్నాయో విడిగా రాయండి. రేపు హక్కు మాట వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. తర్వాత పొరుగూరి పెద్దవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి, కూర్చుని, అడగండి. ఫోన్లో అడగొద్దు. ఒప్పుకుంటే బండి మాట్లాడండి. వెళ్లొచ్చిన వారం లోపు వాళ్లని మీ ఊరికి పిలవండి. ఒకసారి చూసి వదిలేస్తే అది చుట్టపుచూపు. ఎదురు పిలుపు ఉంటేనే రెండు ఊర్లకీ సమానంగా ఉంటుంది.

వచ్చే సీజన్లో మేం చింతూరు వైపు ఊర్లకి వెళ్లాలనుకుంటున్నాం. అక్కడి మిత్రులు ఎవరైనా మీ పెద్దలతో మాట్లాడి కబురు చెప్పండి. బియ్యం మేం తెచ్చుకుంటాం. సాయంత్రం కోతకి ఇంటికి చేరాలి, అది మాత్రం గుర్తుంచుకోండి.

జై ఆదివాసీ.